కాలువ ఈత కడలికి చాలదు

ఉండి: దాళ్వా మాసూళ్లు ముగిసి, కాలువలు కట్టేసి, పిల్లలకు బడులు మూసిన వేసవి రోజుల్లో ఈ ప్రాంతపు కుటుంబాలకు కాస్త తీరిక దొరుకుతుంది. చేపల చెరువుల మీద బతికేవారికి ఆ తీరికా అంతంతమాత్రమే. మేత, ఏరేటర్లు, కరెంటు కోత ఏ సెలవునూ ఎరగవు. అయినా ఒకటి రెండు రోజులు కుదుర్చుకుని ఎక్కడికైనా పోదామంటే పిల్లలు చెప్పే జవాబు ఒక్కటే: సముద్రం. ఏ సముద్రం అన్న దగ్గరే తగువు మొదలవుతుంది. కాలేజీ కుర్రవాడు గోవా అంటాడు. ఆడపిల్లలు వైజాగు అంటారు. స్వామి దర్శనం, సముద్ర స్నానం రెండూ కలిసివస్తాయని ఇంటి పెద్దావిడ అంతర్వేది అంటుంది. ఖర్చు లెక్క చూసుకున్న యజమాని చివరకు పేరుపాలెం అంటాడు. ఎక్కువ ఇళ్లలో ఆయన మాటే నెగ్గుతుంది.

నెగ్గవలసిన మాటే అది. పొద్దున్న క్యారియర్లు కట్టుకుని బయలుదేరి, భీమవరం మీదుగా మొగల్తూరు దారి పట్టి, సాయంత్రం దీపాల వేళకు ఇల్లు చేరగల సముద్రం ఉండి వారికి అదొక్కటే. గోవా పోయివచ్చినవారు ఊరిలో నెల్లాళ్లు చెప్పుకుంటారు గాని, అమ్మమ్మను, చంటిపిల్లను, పక్కింటివారిని వెంటబెట్టుకుని పోయేది పేరుపాలెమే. సామాన్యుడు పోయే తీరం ఏదో, అన్నిటికంటే ముందు భద్రత కల్పించవలసిన తీరం అదే. విశాఖ తీరానికి దొరికే శ్రద్ధలో నాలుగోవంతు దీనికి దొరికినా ఎన్నో ఇళ్లలో ఏడుపు తప్పేది.

రాష్ట్రానికి ఉన్న సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరంలో పశ్చిమ గోదావరి జిల్లా వాటా 19 కిలోమీటర్లు మాత్రమే. తూర్పున వశిష్ఠ గోదావరి, పడమట ఉప్పుటేరు, నడుమ నర్సాపురం, మొగల్తూరు మండలాల ఇసుక. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ ముక్క భీమవరం కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు వచ్చింది. ఏలూరు జిల్లాకు సముద్రమే లేకుండా పోయింది. కొల్లేరు నీళ్లు, ఇక్కడి చెరువులు వదిలిన నీళ్లు డ్రెయిన్ల గుండా ఉప్పుటేరులో కలిసి చివరకు ఆ తీరానికే చేరతాయి. ఉండి వాళ్లు సముద్రానికి పోకముందే ఉండి నీళ్లు అక్కడికి పోయి ఉంటాయి. కృష్ణంరాజు, చిరంజీవి పుణ్యమా అని మొగల్తూరు పేరు తెలియని తెలుగువాడు లేడు. దాని సముద్రం ఎలాంటిదో మాత్రం అందులో స్నానం చేసేవారికే తెలియదు.

ఒక్కో తీరం ఒక్కో తీరు

సముద్రం అంతటా ఒక్కటే అనుకోవడం పొరపాటు. పేరును బట్టి, ఫొటోలను బట్టి తీరాన్ని ఎంచుకుంటున్నారు గాని, ఆ నీటి స్వభావాన్ని బట్టి ఎంచుకునేవారు తక్కువ.

చిన్నపిల్లలతో పోయేవారికి బందరు దగ్గరి మంగినపూడి మేలు. ఉండి స్టేషన్‌లో రైలెక్కితే గుడివాడ మీదుగా బందరు చేరవచ్చు. అక్కడినుంచి తీరం సుమారు 11 కిలోమీటర్లు. నేల వాలు తక్కువ గనుక చాలా దూరం లోతు ఉండదు, అల నెమ్మదిగా వస్తుంది. అక్కడ నల్లమట్టి గనుక తెల్లబట్టలతో దిగినవారు తెల్లబట్టలతో తిరిగిరారు. ఇసుక మీద మోజుతో పోయినవారికి నిరాశే. కార్తిక పౌర్ణమికి చిలకలపూడి పాండురంగస్వామిని సేవించుకుని జనం ఈ తీరానికే వచ్చి స్నానాలు చేస్తారు. లోతు తక్కువని పిల్లలను వదిలేసి కబుర్లలో పడకూడదు. మంగినపూడి కూడా సముద్రమే.

అంతర్వేది సంగతి వేరు. నర్సాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు దిగినా, పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి పోయినా, ఆ ప్రయాణంలో సగం ఆనందం గోదావరిదే. లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, భీష్మ ఏకాదశినాటి రథోత్సవం చూసినవారు చాలామంది మాఘ పౌర్ణమి స్నానం కూడా చేసుకుని గాని తిరిగిరారు. నది, సముద్రం కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు చూడవలసిన చోటు. అది చూడడానికే గాని స్నానానికి కాదు. సంగమం దగ్గర నది తోపు ఒకవైపు, సముద్రపు పోటు పాట్లు ఒకవైపు. పాటు వేళ రెండూ కలిసి మనిషిని లోపలికే తీసుకుపోతాయి. అడుగున ఇసుక నేడున్నచోట రేపుండదు. కృష్ణ సాగరంలో కలిసే హంసలదీవి దగ్గరా ఇదే జాగ్రత్త అవసరం.

సూర్యలంక ఇసుక విశాలమైనది, బాపట్లలో రైలు దిగితే దగ్గర. ఆ అందం చూసి నడుము లోతు దాటి పోయినవారికి ఆ తీరం చాలాసార్లు చేటు తెచ్చింది. విశాఖలో రామకృష్ణా బీచి సాయంత్రాలు కూర్చోవడానికి, కురుసుర జలాంతర్గామిని పిల్లలకు చూపడానికి బాగుంటుంది. స్నానానికి అది తగిన చోటు కాదని ఆ ఊరివారే చెబుతారు. మూడువైపులా కొండలున్న యారాడ, గోస్తని సాగరంలో కలిసే భీమిలి చూపుకు ఇంపైనవి. ఋషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. నీటి శుభ్రత, మరుగుదొడ్లు, కాపలా ఈతగాళ్లు ఇవన్నీ చూసి ఇచ్చే గుర్తింపు అది. నిర్వహణ చెడిందని 2025లో కొంతకాలం ఆ జెండాను తీసివేశారు. సరిదిద్దిన తరువాత మళ్లీ ఇచ్చారు. ఒక తీరాన్ని నిలబెట్టేది కొబ్బరిచెట్లూ కెరటాలూ కావని, రోజూ పనిచేసే మనుషులని దీన్నిబట్టి తెలుస్తున్నది.

ఇక పేరుపాలెం. సరుగుడు తోటలు, కొబ్బరి తోటలు, వేళాంగణి మాత గుడి, ఎదురుగా పొడవాటి ఇసుక. కార్తికంలో వనభోజనాలకు, సంక్రాంతి మరునాళ్లకు, వేసవి ఆదివారాలకు భీమవరం, తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు వైపు నుంచి జనం విరుచుకుపడతారు. చెట్ల నీడన భోజనం చేసి, అలల అంచున పాదాలు తడుపుకుని, మొక్కజొన్న పొత్తు తింటూ కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటు ఈ జిల్లాలో లేదు. చిక్కంతా అక్కడితో ఆగకపోవడంలోనే ఉన్నది.

ఈత వచ్చినవాడికే ముప్పు

ఈ డెల్టాలో పుట్టిన పిల్లవాడికి ఈత ఎవరూ బడిలో నేర్పరు. ఉండి కాలువలోనో, వెంకయ్య వయ్యేరులోనో, ఊరి చెరువులోనో అన్నల వెంటబడి దూకి తానే నేర్చుకుంటాడు. (ఇప్పటి పిల్లలలో ఆ విద్య తగ్గిపోతున్నదని పెద్దలు అంటారు. అది వేరే సంగతి.) వంతెన మీదినుంచి దూకి అవతలి గట్టున తేలినవాడికి సముద్రం ఒక పెద్ద కాలువలా కనిపిస్తుంది. ఈత రానివాడు భయంతో మోకాలి లోతులో ఆగిపోతాడు. వచ్చినవాడే ధీమాతో లోపలికి పోతాడు. తీరాల్లో కొట్టుకుపోయినవారిలో ఈత వచ్చిన కుర్రవాళ్లూ ఉండడంలో వింత లేదు.

కాలువకు రెండు గట్లుంటాయి. నీరు ఒకే దిక్కుకు పోతుంది. ఆ వాలులో తేలిపోతూ చేతులాడిస్తే వంద గజాల దిగువనైనా ఏదో ఒక గట్టు తగులుతుంది. సముద్రానికి ఉన్నది ఒకటే గట్టు. ఒడ్డుకు వచ్చిన కెరటపు నీరంతా తిరిగి పోవాలి గదా. అది ఇసుక మెట్టల నడుమ పల్లంగా ఉన్న సందు చూసుకుని, ఒక్క పాయగా చేరి లోపలికి పరుగెడుతుంది. ఆ పాయ ఉన్నచోట అలలు పెద్దగా విరగవు. రెండు పక్కలా తెల్లని నురుగు లేస్తుంటే నడుమ నీరు కాస్త నల్లగా, నిదానంగా కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాడు ఇక్కడ అలలు లేవు, స్నానానికి బాగుందని సరిగ్గా ఆ చోటే ఎంచుకుంటాడు.

నీరు లాగుతున్నదని తెలిసేసరికి కాళ్ల కింద నేల ఉండదు. కాలువ ఈతగాడు వెంటనే ఒడ్డు వైపు తిరిగి, బలమంతా పెట్టి బారలు వేస్తాడు. అంటే పాయకు ఎదురీదుతున్నాడన్నమాట. ఎంత దిట్టమైనవాడైనా దానిముందు కొద్ది నిమిషాలలో అలసిపోతాడు. మునిగిపోయేది అలసట వల్లనే. అలాంటప్పుడు చేయవలసింది వేరు. కంగారుపడకుండా తేలుతూ ఉండాలి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ పాయ వెడల్పు తక్కువ గనుక కొంత దూరం పోతే దాని పట్టు వదులుతుంది. అప్పుడు అలలు విరిగే చోటికి చేరి వాటితోపాటే ఒడ్డుకు రావాలి. పక్కకు ఈదే శక్తి లేనివాడు తేలుతూ చేయి పైకెత్తి కేకవేయాలి. ఒడ్డున ఉన్నవారు ఆవేశపడి దూకకుండా తాడో, గాలి నింపిన లారీ ట్యూబో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరాలి. స్నేహితుడిని కాపాడబోయి ఇంకొకడు, వాడి కోసం మరొకడు పోయిన విషాదాలు మన తీరాలకు కొత్తకాదు.

2024 జూన్‌లో ఏలూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లా రామాపురం తీరానికి సరదాగా పోయిన యువకులలో నలుగురు అలల్లో కొట్టుకుపోయి మరణించారు. ఆ తరువాత కొద్దిరోజులు అక్కడి తీరాల్లోకి సందర్శకులను రానివ్వలేదు. తీరం మూసివేయడం తాత్కాలికోపాయమే. బాపట్లలో మూస్తే జనం పేరుపాలెం వస్తారు, పేరుపాలెం మూస్తే మంగినపూడి పోతారు.

పంచాంగం చూసి పోయేవారు పోటు చూడరు

ఇక్కడ ఎవరూ అంతగా ఆలోచించని విషయం ఒకటి ఉన్నది. జనం తీరానికి గుంపులుగా పోయే రోజులు ఏవి? కార్తిక పౌర్ణమి, మాఘ పౌర్ణమి, అమావాస్యలు. సూర్యచంద్రులు ఒకే వరుసలోకి వచ్చే పున్నమి, అమావాస్యలకే సముద్రంలో పోటు పాట్లు రెండూ హెచ్చుగా ఉంటాయి. నీరు మామూలు కంటే ముందుకు వస్తుంది, మామూలు కంటే వెనక్కి పోతుంది. అంటే ఏ రోజున సముద్రం చురుకుగా ఉంటుందో ఆ రోజునే ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందులో దిగుతున్నారు. పడవ దించే మత్స్యకారుడు పోటు వేళ చూసుకుంటాడు. స్నానానికి దిగేవాడు ముహూర్తం చూసుకుంటాడు.

పైగా కార్తికం తుఫానుల కాలం. దివిసీమను ముంచి వేలాదిమందిని పొట్టనబెట్టుకున్న 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కార్తికంలోనే వచ్చింది. 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం సమీపాన తీరం దాటిన మొంథా తుఫాను కూడా కార్తికంలోనే వచ్చింది. 2004 డిసెంబరు 26 ఆదివారం, పైగా పౌర్ణమి. ఆ ఉదయం వచ్చిన సునామీకి ఆంధ్ర తీరంలో వందమందికి పైగా బలయ్యారు. సునామీకీ పున్నమికీ సంబంధం లేదు. కాని పున్నమి స్నానానికి తీరాన చేరిన జనానికీ, ఆ ప్రాణనష్టానికీ సంబంధం ఉన్నది.

పుణ్యస్నానాలు మానమని ఎవరూ అనడం లేదు. మానమన్నా మానేవారు లేరు. పాటు వేళ మోకాలి లోతు దాటకుండా, చెంబుతో నీళ్లు పోసుకున్నా పుణ్యం తగ్గదని పురోహితులే నాలుగు మాటలు చెబితే పోలీసుల మైకు కంటే బాగా పనిచేస్తుంది. అలల ఉధృతి, సునామీ హెచ్చరికలు ఇవ్వడానికి హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉన్నది. ఆ హెచ్చరికలు ముఖ్యంగా మత్స్యకారులను ఉద్దేశించినవి. క్యారియర్ పట్టుకుని భీమవరం బస్టాండులో నిలబడినవాడికి కూడా అవి తెలియాలి. బస్టాండ్లలో ఒక బల్ల పెట్టి ఆ రోజు పోటు వేళ, పాటు వేళ, సముద్రం నెమ్మదిగా ఉందా లేదా అన్నది సుద్దముక్కతో రాయిస్తే చాలు. ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు.

చీర అడ్డం పట్టుకుని ఎన్నాళ్లు?

భద్రత తరువాత చెప్పుకోవలసింది ఆడవారి అవస్థ. స్నానం చేసిన ఆడవారు తడిబట్టలతో ఎక్కడికి పోవాలి? నలుగురు చుట్టూ నిలబడి చీర అడ్డం పట్టుకుంటే నడుమ ఒకరు బట్టలు మార్చుకోవడం చూడని పున్నమి లేదు. సిగ్గుపడినవారు తడిబట్టలతోనే బస్సెక్కుతారు. మరుగుదొడ్డికి పోవలసివస్తుందేమోనని పొద్దుటినుంచి మంచినీళ్లు తాగని తల్లులు ఎందరో. సరుగుడు తోపులు అందాన్నిస్తాయి గాని ఆడవారికి చాటును ఇవ్వవు. బట్టలు మార్చుకునే గదులు, మంచినీటి కుళాయి, తలుపులకు గడియలున్న మరుగుదొడ్లు తీరం పొడవునా అవసరం. ప్రారంభోత్సవం నాటి రంగుతో సరిపెట్టి తరువాత తాళం వేసేవి కాకుండా, రోజూ కడిగే మనిషి ఉన్నవి కావాలి.

మగవారి గురించి చెప్పాలంటే సీసాల సంగతి చెప్పాలి. తాగి నీళ్లలో దిగేవాడు తన ప్రాణానికే కాదు, తనను తీయడానికి దిగేవాడి ప్రాణానికీ ముప్పు తెస్తాడు. తాగిన సీసాను పగలగొట్టి ఇసుకలో వదిలిపోయేవాడికి, మరునాడు అదే ఇసుకలో చెప్పులు లేకుండా నడిచేది వల లాగే మత్స్యకారుడని తోచదు.

తీరాన్ని కాయవలసినవారు ఎక్కడినుంచో రానక్కరలేదు. ఎవరైనా కొట్టుకుపోయారని కేక వినగానే పడవ దించేది, వల వేసి వెదికేది, చివరకు శవాన్ని ఒడ్డుకు చేర్చేది ఆ చుట్టుపక్కల మత్స్యకార యువకులే. ఏ చోట ఇసుక మెట్ట ఉన్నదో, ఏ చోట పల్లం పడ్డదో చూపుతోనే పసిగట్టగలవారు వారు. ప్రాణం పోయిన తరువాత వారిని పిలిచే బదులు, పోకముందే నెలజీతం మీద నియమించుకోవడం ఎంత మేలు! పర్వదినాల బందోబస్తు ఎలాగూ పెడతారు. సమస్య పర్వదినం కాని మామూలు ఆదివారానిది, పరీక్షలు అయిపోయిన మరునాటిది. ఆనాడు జనం మధ్యస్థంగా ఉంటారు, కావలి పలుచగా ఉంటుంది. వాహనాలు నిలిపేచోట వసూలు చేసే రుసుములో కొంత విడిగా పెట్టినా నలుగురైదుగురు యువకులకు ఏడాది పొడవునా పని కల్పించవచ్చు. ఎదురుగా సముద్రం ఉండి వేటనిషేధ కాలంలో ఖాళీగా కూర్చునేవారికి అది అక్కరకు వస్తుంది. ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ వరకు ఉండే ఆ నిషేధ కాలమూ, బడి పిల్లల వేసవి సెలవులూ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. ఈ కలయికను వాడుకోకపోవడం వింతగా ఉన్నది.

తీరానికి చేరేవారు నర్సాపురం లేసు పని, ఎండుచేపలు, తాటిబెల్లం కొనుక్కుపోయేలా నాలుగు పాకలు వేయిస్తే ఆ ఊళ్ల ఆడవారికీ నాలుగు డబ్బులు మిగులుతాయి. పెద్ద హోటళ్లు, రిసార్టుల మాట వచ్చినప్పుడల్లా కాగితాల మీద పేరుపాలెం వెలిగిపోతుంది. రిసార్టులో దిగేవాడు ఈత కొలనులో ఈదుతాడు. పేరుపాలెం అలల్లో దిగేది ట్రాక్టరులోనో, ఆటోలోనో, అద్దె వ్యానులోనో వచ్చినవాడు. ముందు వాడి సంగతి చూడవలసి ఉన్నది.

అంతదాకా ఉండి నుంచి పోయే కుటుంబాలు తమ జాగ్రత్త తాము పడక తప్పదు. వేసవిలో అయితే ఉదయం ఎండ ముదరకముందే స్నానం ముగించి చెట్ల నీడకు చేరాలి. దిగేముందు అక్కడి మత్స్యకారుడిని ఒక్క మాట అడగాలి, ఈ పూట ఎటు దిగవచ్చునని. నురుగు లేని నల్లటి సందు కనిపిస్తే అటు పోకూడదు. నడుము లోతు దాటకూడదు. పది పన్నెండు మంది కుర్రవాళ్లు పోయేటప్పుడు ఒక తాడు, ఒక ట్యూబు బండిలో వేసుకోవాలి. ఇద్దరైనా నీళ్లలో దిగకుండా ఒడ్డున ఉండి మిగిలినవారిని లెక్కబెట్టుకుంటూ ఉండాలి. చీకటి పడేవేళ ఎవరూ నీటి వైపు పోరాదు.

జిల్లా యంత్రాంగం, పర్యాటకశాఖ, మెరైన్ పోలీసులు, ఆయా పంచాయతీలు కూర్చుని స్నానానికి తగిన చోటు ఏదో మత్స్యకారులతో గుర్తింపజేసి, అటూ ఇటూ జెండాలు పాతించి, ఆ హద్దు దాటి ఎవరినీ దిగనివ్వకూడదు. ఇసుక మెట్టలు ఏటా మారతాయి గనుక ఆ జెండాలను కూడా సీజనుకొకసారి మార్చవలసి ఉంటుంది. దసరా సెలవులలోనే ఈ పని మొదలుపెట్టి, దీపావళి వెళ్లేలోగా కాపలా ఈతగాళ్లను నియమిస్తే కార్తికపు మొదటి సోమవారానికి తీరం సిద్ధంగా ఉంటుందని పరిసర గ్రామాల ప్రజలు కోరుతున్నారు.